గుండ్రం పలక

లక్ష్మీనరసమ్మ పలక రుద్దే చప్పుడు వినపడితే ఆ సందులో తెల్లవారినట్టు లెక్క. పెరట్లో గోనెపట్టా పరుచుకుని, ఒకపక్క తడి ఇసుక గంప, ఇంకోపక్క నీళ్ల చట్టి పెట్టుకుని కూర్చునేది. కార్ఖానా నుంచి కోసి తెచ్చిన రాతి రేకులను ఒక్కొక్కటే ఒళ్లో పెట్టుకుని నున్నగా రుద్దేది. మార్కాపురంలో చాలా ఇళ్లలో ఇదే పని. డెబ్బై ఏళ్లొచ్చి రెండు కళ్లకూ పొరలు కమ్మినా ఆమె మాత్రం మానలేదు. "కళ్లు పోతే పోయినాయి, వేళ్లు ఉండాయి కదా" అనేది. ఆమె రుద్దిన పలక మీద ఈగ వాలితే జారి కింద పడుతుందని సందులో వాళ్లు వేళాకోళం చేసేవాళ్లు.

ఆ రోజు కోడలు సుశీలమ్మ పొయ్యి దగ్గర జొన్న రొట్టెలు తడుతోంది. మనవరాలు అలివేలు గుమ్మంలో నిలబడి జడ అల్లుకుంటోంది. పదిహేడేళ్ల పిల్ల. ఎస్సెస్సెల్సీ పాసై, ఒంగోలులో టీచరు ట్రైనింగుకు సీటు తెచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే బస్సు.

"చూసినావా అవ్వా, మొన్నటిదాకా మనం కర్నూలు జిల్లా. నేను ట్రైనింగుకు పోవాలనుకునేసరికి జిల్లానే ఒంగోలుకు జరిగింది" అంది అలివేలు నవ్వుతూ.

"ఏ జిల్లా అయితే ఏందమ్మా, నువ్వు పోతే ఈ ఇంట్లో మాట్లాడేది ఎవరు? మీ అమ్మ నాతో మాట్లాడి ఎన్నాళ్లయిందో ఆమెకే తెలీదు" అంది ముసలామె చెయ్యి ఆపకుండానే.

పొయ్యి దగ్గర సుశీలమ్మ వినీ విననట్టు రొట్టె తిరగేసింది. అత్తాకోడళ్లు పోట్లాడుకునేవాళ్లు కాదు. పోట్లాడుకుని ఉంటే ఎప్పుడో ఏదో ఒకటి తేలిపోయేది. మూడేళ్ల కిందట ముసలామె కొడుకు వెంకటసుబ్బయ్య పోయినప్పటి నుంచి "అన్నం పెట్టినా", "నీళ్లు తోడినా" అన్న మాటలే వాళ్ల మధ్య నడుస్తున్నాయి. సుబ్బయ్య పేరు ముసలామె ముందు ఎత్తకూడదని ఎవరూ చెప్పకుండానే ఇంట్లో రూలైపోయింది.

అలివేలు పొయ్యి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "అమ్మా, కరుణమ్మ టీచరు దగ్గర సర్టిఫికెట్టు తీసుకుని వస్తా. వచ్చినాక నాయన ప్లేటు తీసుకుని మైకుసెట్టు మామ దగ్గరికి పోతా. రేపు పోయేలోపల ఒక్కసారి వినాల."

సుశీలమ్మ చెయ్యి రొట్టె మీద ఆగింది. "పో. అవ్వకు చెప్పొద్దు. మళ్లీ ఏడుస్తా కూచుంటది."

చెప్పి ఉంటే ఈ కథే లేదు.

ఆ ప్లేటు సంగతి కొంచెం చెప్పాలి. అలివేలుకు ఎనిమిదేళ్లప్పుడు సుబ్బయ్య పలకల లోడు వెంట లారీలో బెజవాడ పోయాడు. అక్కడ రష్యా పుస్తకాల ఎగ్జిబిషన్ జరుగుతోంది. ఆకాశంలోకి మొదటిసారి మనిషి పోయి వచ్చిన ఏడాది అది. ఆ మనిషి గొంతు ఉందని చెప్పి, జ్ఞాపకంగా ఒక గ్రామఫోను ప్లేటు అమ్ముతుంటే, ఇంట్లో గ్రామఫోను లేదన్న సంగతి కూడా తట్టకుండా కూతురి కోసం కొనుక్కొచ్చాడు. నల్లటి గట్టి ప్లేటు. నడుమ ఎర్ర కాగితం, దాని మీద చిన్న రాకెట్టు బొమ్మ.

ఇంట్లో గ్రామఫోను పెట్టె లేదు కాబట్టి ఏటా పరీక్షలు అయిపోయిన మర్నాడు తండ్రీకూతుళ్లు ఆ ప్లేటు తీసుకుని బస్టాండు దగ్గరి ఓబులయ్య మైకుసెట్టు అంగడికి పోయేవాళ్లు. పెళ్లిళ్లకు మైకులు కట్టే ఓబులయ్య సుబ్బయ్యకు చిన్ననాటి స్నేహితుడు. ఆయన సూది పెట్టేవాడు. గరగరమనే హోరులోంచి ఎక్కడో దూరాన ఉన్న మనిషి గొంతు వచ్చేది. సుబ్బయ్య చెవి దగ్గరగా పెట్టి విని, కూతురికి ఒక్కొక్క మాటకే అర్థం చెప్పేవాడు. అట్లా ఆరు వేసవులు విన్నారు. ఆరో ఏడు వానాకాలంలో సుబ్బయ్య రాతిదుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో పోయాడు. కవరు చెదలు తినేస్తే, అలివేలు ప్లేటును తన పాత పరికిణీలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున దాచింది. మళ్లీ వినే ధైర్యం మూడేళ్లుగా రాలేదు. ఇప్పుడు ఇల్లు వదిలిపోతోంది కాబట్టి వచ్చింది.

కరుణమ్మ టీచరు సర్టిఫికెట్టు ఇవ్వడంతో ఊరుకోలేదు. హాస్టల్లో ఎట్లా మసలుకోవాలో ఒక గంటసేపు చెప్పి, మజ్జిగ ఇచ్చి పంపింది. అలివేలు తిరిగి వచ్చేసరికి ఎండ పెరట్లోకి వచ్చేసింది. సుశీలమ్మ ఫ్రేములు కట్టిన పలకలు ఇచ్చి రావడానికి కార్ఖానాకు పోయింది. ముసలామె ఇంకా రుద్దుతూనే ఉంది. ముఖం మాత్రం చాలాకాలానికి విచ్చుకుని ఉంది.

"వచ్చినావా? దా, ఇట్ల కూచో" అంది. "దారిలో తింటావని శనక్కాయల ఉండలు చేసి నీ పెట్టెలో పెడదామని చెయ్యి పెట్టినా. అడుగున ఏం తగిలిందో చెప్పు చూద్దాం?"

"ఏం తగిలింది అవ్వా?"

"మీ నాయన నీకు చేసిస్తానన్న గుండ్రం పలక! నీ చిన్నప్పుడు ఆకు మాదిరి ఒకటి, చేప మాదిరి ఒకటి కోసిచ్చినాడే, గుర్తుందా? గుండ్రం పలక చేసిస్తా అనేవాడు. చేసినాడమ్మా. కోసి, పాపం, రుద్దకుండానే పోయినాడు. రెండు పక్కలా రంపం గీతలు గీతలుగా అట్లనే ఉండిపోయినాయి. దారం కట్టుకునేదానికి నడుమ బెజ్జం కూడా ఎంత సరిగ్గా వేసినాడో! ఏందో కాగితం అంటించి ఉంటే నానబెట్టి పీకేసినా. వాడు సగంలో వదిలిన పని నేను పూర్తి చేస్తన్నా. ఇదో, తాకి చూడు."

అలివేలు చేతుల్లో పెట్టింది. తడిగా, చల్లగా, అద్దంలా నున్నగా ఉంది. అలివేలు తిప్పి చూసింది. అటువైపూ నున్నగానే ఉంది. చట్టిలో నీళ్లు నల్లగా తిరుగుతున్నాయి. గోనెపట్టా అంచున ఎర్ర కాగితం ముద్దయి అంటుకుని ఉంది.

"అవ్వా, ఇది పలక కాదు" అంది చివరికి.

"కాకుంటే?"

"నాయన ప్లేటు. రష్యా ప్లేటు. మైకుసెట్టు మామ అంగట్లో ఏటా వినేవాళ్లమే, అది."

"అది ఆయన అంగట్లోనే కదా ఉండేది? మీరు అక్కడికే పోయి వింటిరి గదా?" ముసలామె చేతులు గాలిలో వెతికాయి. "రాయే కదమ్మా అది? నా వేళ్లకు రాయి తెలీదా? బరువు చూసినా, చల్లదనం చూసినా, గోటితో కొట్టి చూసినా..."

"ఆ గీతల్లోనే అవ్వా గొంతు ఉండేది! ఆ గీతల్లోనే!"

సుశీలమ్మ ఖాళీ గంపతో గుమ్మంలోకి వచ్చేసరికి కూతురి గొంతు వీధిదాకా వినపడుతోంది. ఏమైందో గోనెపట్టా చూడగానే ఆమెకు అర్థమైంది. ఆపుదామని రెండడుగులు వేసింది కానీ, అలివేలు నోట్లోంచి మాట అప్పటికే వచ్చేసింది.

"పన్నెండేళ్ల పిల్లోణ్ణి బడి మాన్పించి రాతి గనుల్లోకి తోలినావు. వాళ్ల అయ్యవారు ఇంటికొచ్చి బతిమాలినా వినలేదంట. ఆ దుమ్మే కదా నాయన ఊపిరి తీసింది? ఆయన ఊపిరి తీసినావు. ఇప్పుడు ఆయన మాట కూడా తుడిచేసినావు!"

ముసలామె ఒళ్లో ఇసుక అంటిన చేతులు అట్లాగే పెట్టుకుని కూర్చుంది.

సుశీలమ్మ గంప కింద పడేసి కూతురి రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

"ఏం మాటే అది? ఎవరు నేర్పించినారే నీకు?"

"నేర్పించేదేంది? నువ్వు అనుకునేది అదే కదా? మూడేళ్లుగా ఆమెతో మాట్లాడనిది అందుకే కదా?"

"అవును. అందుకే" అంది సుశీలమ్మ. "మూడేళ్లుగా రోజూ నోటిదాకా వచ్చేది. రోజూ మింగినా. ఎందుకంటే ఆ మాట ఒక్కసారి అనేస్తే మళ్లీ వెనక్కి తీసుకోలేం కాబట్టి. కడుపున పుట్టినోణ్ణి సాగనంపిన మనిషి అది. నేను మింగింది నువ్వు ఎట్ల ఊసినావే?"

అలివేలు ప్లేటును ఓణీ కొంగులో చుట్టుకుని, పెరటివైపు చూడకుండా వీధిలోకి నడిచింది.

ఓబులయ్య అంగట్లో బాకా మైకులు గోడకు వేలాడుతున్నాయి. పెళ్లిళ్లు అయిపోయిన రోజులు కాబట్టి ఆయన తీరిగ్గా తీగలు చుట్టుకుంటున్నాడు. అలివేలును చూసి మొదట నవ్వాడు. కొంగులోంచి ప్లేటు తీయగానే నవ్వు ఆగిపోయింది. చేతిలోకి తీసుకుని, వెలుతురు వైపు పెట్టి, రెండు పక్కలా చూశాడు.

"పెట్టు మామా" అంది అలివేలు. "యాడన్నా కొంచెం మిగిలుంటుందేమో."

మిగలదని ఆయనకు తెలుసు. అయినా పెట్టాడు. సూది అంచు మీద వాలి, పట్టుకోవడానికి గీత దొరక్క, ఒక్క జారు జారి నడుమకు పోయి ఆగింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది. రెండోవైపు తిప్పి పెట్టాడు. చిన్న హోరు తప్ప ఏమీ రాలేదు. లక్ష్మీనరసమ్మ పని ఎప్పుడూ సగంలో వదిలే మనిషి కాదు.

"ఎవరు రుద్దినారు? అవ్వనా?" అని అడిగాడు. అలివేలు జరిగింది చెప్పింది, తను అన్న మాట తప్ప.

"ఆమెను ఏమీ అనొద్దు పాపా. ఈ పాతరకం ప్లేట్లలో లక్కతో పాటు రాతిపొడి కలుపుతారు. రాయి అనుకుందంటే ఆమె వేళ్లది తప్పు కాదు. ఉన్నదే చెప్పినాయి."

అలివేలుకు ఏడుపు అప్పుడు వచ్చింది. బల్ల మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఓబులయ్య మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి, తీగలు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"ఇంకొకటి దొరకదా మామా? బెజవాడలో అడిగితే?"

"దొరకొచ్చు. అడిగి చూస్తా."

"దొరికినా నాయన లేడు కదా. ఆ మాటలకు అర్థం ఎవరు చెప్తారు? ఆయనకు రష్యా భాష వచ్చు కాబట్టి చెప్పినాడు."

ఓబులయ్య చేతిలో తీగ ఆగింది. "రష్యా భాషా? మీ నాయనకా?"

"రాకుంటే నాకెట్ల చెప్పినాడు? నువ్వూ విన్నావు కదా."

"నేను బయట బీడీ తాగుతా ఉండేవాణ్ణి. మీ ఇద్దరి మధ్య నేనెందుకని. మీ నాయనకు తెలుగు తప్ప ఏ భాషా రాదు పాపా. ఇంగిలీషు అచ్చరాలు కూడా తెలీవు. నీకేం చెప్పేవాడు?"

అలివేలు కళ్లు తుడుచుకుంది. ఆమెకు ఒక్క మాట కూడా మరుపు రాలేదు.

"మొదటి ఏడు, 'పైకి పోతా ఉన్నా, ఏం భయం లేదు, కింద చేలన్నీ గవ్వలంత కనపడతా ఉన్నాయి' అన్నాడని చెప్పినాడు. రెండో ఏడు కూడా అట్లనే, మబ్బులు, చుక్కలు. మూడో ఏడు వేరే చెప్పినాడు. ఏటా ఒక్కో ముక్క చెప్తా ఉన్నాడేమో, ప్లేటు పెద్దది కదా అనుకున్నా."

"మూడో ఏడు ఏం చెప్పినాడు?"

"'ఇక్కడ గాలి తక్కువగా ఉంది. ఒక్కో అడుగుకు ఆగాల్సి వస్తా ఉంది. మా వాళ్లు చూసి భయపడతారని చెప్పడంల్యా.' అయిదో ఏడు, 'పడుకుంటే ఊపిరి ఆడడంల్యా, కూచునే తెల్లారబెడతా ఉన్నా. అయినా బాగానే ఉన్నా' అని..."

చెబుతూ చెబుతూ అలివేలు ఆగిపోయింది. అయిదో ఏడు తండ్రి గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేవాడు. "దగ్గు వస్తుందమ్మా, అంతే" అనేవాడు. ఆ ఇంట్లో ఎవరితోనూ అంతకుమించి ఒక్క మాట అనలేదు.

"ఆఖరి ఏడు?" అన్నాడు ఓబులయ్య నెమ్మదిగా.

"'నేను ఎక్కడ దిగుతానో తెలీదు. నా కోసం చూడొద్దు. నా బిడ్డను మాత్రం ఎవురు ఏమన్నా బడి మాన్పించొద్దు' అన్నాడు. నేను అడిగినా మామా. ఆ రష్యావాడికి బిడ్డ ఉందా నాయనా అని అడిగినా. 'ఉంది. నీ అంతే ఉంటది' అన్నాడు."

ఓబులయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఆ ఏడు ఈ అంగడి మెట్లు ఎక్కడానికి మీ నాయనకు పావుగంట పట్టింది. లోపలికొచ్చి నవ్వుతా, 'అయ్యిందిరా, పైకి చేరుకున్నా' అన్నాడు. నేను ఎగతాళి అనుకున్నా పాపా."

అలివేలు ప్లేటు తీసుకుని లేచింది. ఇప్పుడది తేలికగానో బరువుగానో అనిపించలేదు. తండ్రి గొంతు అందులో ఎప్పుడూ లేదు. ఉన్నదంతా తన దగ్గరే ఉంది. ఆ సంగతి తెలిసినందుకు సంతోషించాలో, ఆరేళ్లు పక్కనే కూర్చుని కూడా తెలుసుకోలేకపోయినందుకు ఏడవాలో తెలియక, ఎండలో ఇంటిదాకా నడిచింది. సందు మొదట్లోకి వచ్చాక తను అన్న మాట గుర్తొచ్చింది.

ఇంట్లో పొద్దుటి రొట్టెలు అట్లాగే ఉన్నాయి. సుశీలమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ముసలామె పెరట్లోంచి కదల్లేదు. ఎండ నడినెత్తికి వచ్చినా లోపలికి రమ్మంటే రాలేదట. చేతులకు అంటిన ఇసుక కడుక్కోలేదు.

అలివేలు పోయి ఎదురుగా చతికిలపడింది. చట్టిలో నీళ్లు పారబోసి, మంచినీళ్లు తెచ్చి, అవ్వ చేతులు తన చేతుల్లోకి తీసుకుని ఒక్కో వేలే కడిగింది. ముసలామె కడగనిచ్చింది.

"నేను అట్ల అనకూడదు అవ్వా."

"నువ్వు అన్నది లేనిది కాదులే" అంది లక్ష్మీనరసమ్మ. గొంతులో కోపం లేదు. "వాళ్ల అయ్యవారు రెండుసార్లు వచ్చినాడు. పిల్లోడికి చదువు వస్తా ఉందమ్మా అన్నాడు. ఇంట్లో గింజ లేదు. నేనే చెయ్యి పట్టుకుని గని కాడికి తీసకపోయినా. వాడు ఏడవలేదు. పలకాబలపం మాత్రం సంచిలో పెట్టుకుని వచ్చినాడు. అక్కడ పనిలో పెట్టుకోరని నేనే తీసి దాచినా."

సుశీలమ్మ స్తంభం దగ్గర తల ఎత్తింది. ఈ సంగతి ఆమె ఎప్పుడూ వినలేదు.

"యాభై ఏళ్లు రుద్దినా అమ్మా పలకలు" అంది ముసలామె. "ప్రతి పలకా యాడనో ఒక పిల్లోడి చేతికి పోతా ఉంటే, నా కొడుకుది నేనే లాక్కున్నా కదా అని అనుకోని పొద్దు లేదు." భయపడుతున్నట్టు అడిగింది. "ఆ ప్లేటులో వాడు నీకేదో అర్థం చెప్పేవాడంట కదా. మీ అమ్మ చెప్పింది ఇప్పుడే. అందులో యాడన్నా... నా మాట వచ్చిందా?"

ఆరు వేసవుల్లో అవ్వ మాట ఒక్కటి కూడా రాలేదు. చేలు వచ్చాయి, మబ్బులు వచ్చాయి, గాలి వచ్చింది, బిడ్డ వచ్చింది. ఆయన అమ్మ మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో ఇక ఎవరూ చెప్పలేరు.

"వచ్చింది అవ్వా" అంది. "ఆఖరి ఏడు."

"ఏమన్నాడు?"

తండ్రి కూడా ఆ హోరు వింటూ ఇట్లాగే మాటల కోసం వెతుక్కుని ఉంటాడని అలివేలుకు అనిపించింది.

"'మా అమ్మకు చెప్పండి' అన్నాడు. 'ఆ రోజు నా చెయ్యి పట్టుకుని తీసకపోయింది ఆకలికే గానీ కసికి కాదు. నా ఊపిరికీ ఆమెకూ ఏం సంబంధం లేదు. రాతి పని నేను ఇష్టపడే చేసినా. ఆమె ఏడిస్తే నేను పైన ఉండలేను' అన్నాడు."

ముసలామె పొరలు కమ్మిన కళ్లు మనవరాలి గొంతు వైపు తిరిగాయి. "రష్యావాడు అన్నాడా అమ్మా, నా కొడుకు అన్నాడా?"

అలివేలు తల తిప్పి అమ్మ వైపు చూసింది.

వెనక నుంచి సుశీలమ్మ వచ్చింది. మూడేళ్లుగా దాటని దూరాన్ని ఆరడుగుల్లో దాటి అత్త పక్కన కూర్చుంది.

"నీ కొడుకే అన్నాడత్తా" అంది. "నాతో కూడా అన్నాడు. నేనే నీకు చెప్పలా. తప్పు నాది."

సుబ్బయ్య ఆమెతో ఎన్నడూ ఆ మాట అనలేదు.

లక్ష్మీనరసమ్మ కోడలి భుజం వెతుక్కుని, దాని మీద తల పెట్టి, కొడుకు పోయిన రోజు కూడా ఏడవనంత గట్టిగా ఏడ్చింది. సుశీలమ్మ ఆపమనలేదు. చాలాసేపటికి కూతురికి కళ్లతో సైగ చేసింది. అలివేలు లోపలికి పోయి రొట్టె, పప్పు పళ్లెంలో పెట్టి తెచ్చింది. సుశీలమ్మ రొట్టె ముక్క తుంచి పప్పులో అద్ది, "నోరు తెరువు అత్తా, పొద్దుట్నుంచీ ఏమీ తినలా" అంటూ పెట్టింది. ముసలామె ఏడుస్తూనే తిన్నది.